నోటికొచ్చింది, చేతికి రాలేదు

ముత్యాల్లాంటి అక్షరాలు అని ఒక మాట ఉంది మనకి. అక్షరాలు గుండ్రంగా వరసగా ఉంటే పిల్లవాడు బుద్ధిమంతుడు, ఇల్లు పద్ధతైన ఇల్లు, మాస్టారు మంచి మాస్టారు. కోడి గెలికినట్టు ఉంటే వాడికి శ్రద్ధ లేదు, భయం అంతకన్నా లేదు. చూచిరాత, నాలుగు గీతల కాపీ పుస్తకం, తప్పు రాస్తే వందసార్లు ఇంపోజిషన్. ఈ మూడింటి మధ్య పెరిగి వచ్చినవాళ్ళమే మనలో చాలామంది. అందుకే చేతిరాత కుదరకపోవడాన్ని మనం కంటిచూపు తక్కువ కావడంలాంటి విషయంగా చూడం. గుణంగా చూస్తాం. బద్ధకం అనే గుణం.

మావాడికి ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. వాడికి డిస్‌ప్రాక్సియా ఉంది. డాక్టర్ల కాగితాల మీద దాని పేరు డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్, పొట్టిగా డీసీడీ. కండరాల్లో జబ్బేమీ ఉండదు. చూపు బాగానే ఉంటుంది. తెలివికి లోటుండదు. ఏం చెయ్యాలో వాడికి స్పష్టంగా తెలుసు. ఆ పనికి వేళ్ళు ఏ వరసలో, ఎంత ఒత్తిడితో, ఏ క్షణాన కదలాలో ముందుగా లెక్కవేసి పంపించే వ్యవహారం మాత్రం మెదడులో సాఫీగా సాగదు. మనకి పదిసార్లు చేస్తే చేతికి అలవాటైపోయే పని, వాడికి వందోసారి కూడా దాదాపు కొత్త పనే. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, బ్యాక్‌గ్రౌండ్‌లో నడవాల్సిన ప్రాసెస్ వచ్చి ఫోర్‌గ్రౌండ్‌లో కూర్చుని సీపీయూ మొత్తం తినేస్తోంది. ‘బి’ అనే అక్షరానికి పొట్ట ఎటువైపు పెట్టాలా అని తల ఆలోచిస్తున్నప్పుడు, ఆ వాక్యంలో తర్వాత ఏం చెప్పాలనుకున్నాడో దానికి చోటు మిగలదు.

ఇదేమీ అరుదైన సంగతి కాదు. బడి వయసు పిల్లల్లో నూటికి అయిదారుగురికి ఉంటుందని అంచనా. అంటే పాతికమంది ఉన్న క్లాసులో కనీసం ఒకరు. మీరు చదువుకున్న ప్రతి క్లాసులోనూ ఒకడు ఉండే ఉంటాడు. ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ఇంకు బుడ్డి ఒలికించేవాడు, డ్రిల్లు పీరియడ్‌లో అందరూ కుడికి తిరిగితే ఎడమకి తిరిగేవాడు, ‘వీడి పేపరు దిద్దడానికి నాకు వేరే కళ్ళజోడు కావాలి’ అని మాస్టారు అంటే క్లాసంతా నవ్వినవాడు.

మేముండేది పియారా వాటర్స్‌లో. పెర్త్‌కి దక్షిణాన, ఆర్మడేల్ సిటీ కింద వచ్చే కొత్త పేట. సాయంత్రం పార్కులో కూర్చుంటే ఒక బెంచీ మీద పంజాబీ, ఒక బెంచీ మీద మలయాళం, ఉయ్యాల దగ్గర తెలుగు వినపడతాయి. మావాడి సంగతి నేను ఆ పార్కులో దాచలేదు. ఒకాయన ‘మావాడిదీ అంతేనండీ, ఈ ఐప్యాడ్లు వచ్చి అందరి రాతా పోయింది’ అన్నాడు. సరే, అదొక ఓదార్పు. ఇంకొకాయన ఆ రోజేమీ మాట్లాడలేదు. రెండు రోజుల తర్వాత వాట్సాప్‌లో మెసేజ్. ‘అన్నా, ఆ థెరపిస్ట్ నంబరు పంపుతారా? మా ఇంట్లో మాత్రం నేనడిగినట్టు చెప్పకండి.’

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మెసేజే. 

నేను గమనించింది ఇది. మన తెలుగు తల్లిదండ్రులు పిల్లల కోసం ఖర్చుకి వెనకాడరు. శనివారం థెరపీకి తీసుకెళ్తారు, వారానికి రెండు గంటలు హ్యాండ్‌రైటింగ్ క్లాసు పెట్టిస్తారు, ఇండియా నుంచి కాపీ పుస్తకాలు తెప్పిస్తారు, మెంతుల్లో చెయ్యి పెట్టించి వేళ్ళకి కసరత్తు చేయిస్తారు. ఎందుకంటే అవన్నీ ఇంటి గుట్టుగా జరిగిపోతాయి. కానీ బడికి వెళ్ళి ‘మావాడికి ఇలా ఉంది, క్లాసులో ఈ నాలుగు మార్పులు చెయ్యండి’ అని అడగమంటే మాత్రం గొంతు పట్టేస్తుంది. ట్యూషన్ రహస్యం. క్లాసులో మార్పు బహిరంగం. పిల్లవాడిని మార్చడానికి ఎంతైనా చేస్తాం కానీ పిల్లవాడి చుట్టూ ఉన్నదాన్ని మార్చమని అడగడానికి నామోషీ. నా అభిప్రాయంలో మన ప్రాధాన్యం తిరగబడి ఉంది. వాడు వారానికి ముప్ఫై గంటలకి పైగా ఉండేది బడిలో. శనివారం పొద్దున్న ముప్పావుగంట థెరపీ ఆ ముప్ఫై గంటల్ని మోయలేదు.

మా అమ్మకి వీడియో కాల్‌లో విషయం చెప్తే, ‘దీనికింత కంగారెందుకు నాన్నా, మీ చిన్న బాబాయి కూడా ఇంతే. గ్లాసు పట్టుకుంటే ఒలికించేవాడు, చెప్పులు ఎడమా కుడీ మార్చి వేసుకునేవాడు. ఇప్పుడు నిక్షేపంలా లేడూ?’ అంది. నిక్షేపంలానే ఉన్నాడు, నిజమే. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం, ‘ఆరో తరగతిలో రెండేళ్ళు కూర్చోబెట్టార్లే పాపం, పేపర్లు సగం సగం రాసొచ్చేవాడని’ అని ఒక మాట జారవిడిచింది. పాఠం రాక కాదు, పేపరు పూర్తికాక. ఏడాది జీవితం! ఆ మాట అమ్మకి కథలో చిన్న ముక్క. నాకు కథంతా అదే.

ఇలాంటి చోట ఇంకో రకం ఓదార్పు కూడా వినిపిస్తుంది. హ్యారీ పోటర్‌గా వేసిన డేనియల్ రాడ్‌క్లిఫ్‌కి కూడా డిస్‌ప్రాక్సియా ఉందట కదా, అని. ఉంది, 2008లో తనే బయటపెట్టాడు. సంతోషం. కానీ మావాడికి కావలసింది హాలీవుడ్ కాదు. సోమవారం పది గంటలకి జరిగే రైటింగ్ పీరియడ్ ఏడుపు లేకుండా గడవడం.

ఇందులో పెర్త్‌కి సంబంధించిన విశేషం ఒకటుంది. ఈ పిల్లల్ని వైద్యశాస్త్రం శ్రద్ధగా చూడడం మొదలుపెట్టిన రోజుల్లో వాళ్ళకి పెట్టిన పేరు ‘క్లమ్జీ చైల్డ్’. మన మాటల్లో మొద్దు పిల్లవాడు, చేతకానివాడు. 1975లో అదే పేరుతో పుస్తకం రాసిన న్యూరాలజిస్టు సాసన్ గబ్బే ఈ ఊళ్ళో పనిచేసినవాడే. పేరు మోటుగా ఉన్నా, ఆయన చెప్పిన మాట మంచిది. వీళ్ళు మామూలు బడుల్లో, మామూలు తెలివితేటలతో ఉన్న పిల్లలేనని, సోమరితనమని పొరబడవద్దని. 1987లో అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎమ్ గ్రంథంలో డీసీడీ అనే పేరు చేరింది. 1994లో నిపుణులంతా లండన్‌లో కూర్చుని (ఇంగ్లండ్ లండన్ కాదు, కెనడాలో ఇంకో లండన్ ఉంది) అందరం ఈ పేరే వాడదామనుకున్నారు. వాళ్ళు పేరు మార్చుకున్నారు గానీ మన ఇళ్ళల్లో ఇంకా ‘మొద్దు’ దగ్గరే ఉన్నాం.

ఇప్పుడు బాబ్‌టెయిల్ సంగతి చెప్పాలి. బాబ్‌టెయిల్ అంటే ఇక్కడ పొదల్లో, ఒక్కోసారి మన పెరట్లో కూడా కనిపించే బల్లిజాతి జంతువు. పొట్టి తోక, నీలం నాలుక, నింపాదైన నడక. క్లాసులో ‘మీకు తెలిసిన ఒక జంతువు గురించి రాయండి’ అన్నారు. నలభై నిమిషాలు. మావాడి కాగితం నేను చూశాను. రెండు వాక్యాలు. బాబ్‌టెయిల్ ఒక బల్లి. అది నెమ్మదిగా నడుస్తుంది. రెండో వాక్యం కాగితం చివరికి వచ్చేసరికి కొండ దిగినట్టు కిందికి జారిపోయింది. ఒత్తి రాయడం వల్ల ఒకచోట కాగితం చిరిగింది. 

ఆ సాయంత్రం కారులో అదే ప్రశ్న అడిగాను. ఆర్మడేల్ రోడ్ మీద ఎక్కినవాడు ఇంటికొచ్చేదాకా ఆపలేదు. అది గుడ్లు పెట్టదు, పిల్లల్ని కంటుంది. మగదీ ఆడదీ ఏటా వసంతంలో మళ్ళీ ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి, ఏళ్ళ తరబడి అదే జంట. శత్రువు వస్తే నోరు తెరిచి నీలం నాలుక చూపిస్తుంది. తోకలో కొవ్వు దాచుకుంటుంది. తోక తలలా ఉంటుంది కాబట్టి వేటాడేదానికి ఎటు కరవాలో తెలీదు. ‘అందుకే దాన్ని రోడ్డు మీద చూస్తే కారు ఆపాలి నాన్నా, ఇంకొకటి దానికోసం వెయిట్ చేస్తూ ఉంటుంది.’

ఆ కాగితానికి మార్కులు వేసేవాళ్ళు దేనికి వేస్తున్నట్టు? జీవశాస్త్రానికా, వేళ్ళకా? వేళ్ళకి అయితే పైన అలా రాయండి, నాకేం అభ్యంతరం లేదు. ‘ఇది చేతిరాత పరీక్ష’ అని చెప్పి పెట్టిన పరీక్షలో వాడికి తక్కువ వస్తే అది న్యాయమైన తక్కువ. కానీ జంతువు గురించి తెలుసా అని అడిగి, వేళ్ళని కొలిచి, జంతువు గురించి తెలీదని రాసిపెట్టడం కొలతలో తప్పు. థర్మామీటరు పెట్టి బరువు చూసినట్టు. క్లాసులో మార్పు కావాలి అని నేనంటున్నదానికి సారం ఇంతే. ఏ గంటలో ఏం నేర్పుతున్నామో, ఏం కొలుస్తున్నామో తేల్చుకోండి. అది చేతిరాత కానప్పుడు చేతిరాతని పక్కకి తప్పించండి.

ఇది దయ చూపించమని అడగడం కాదు. ఆస్ట్రేలియాలో 1992 నాటి వైకల్య వివక్ష నిరోధక చట్టం కింద 2005లో విద్యా ప్రమాణాలు వచ్చాయి. ప్రభుత్వ బడి అయినా ప్రైవేటు బడి అయినా పిల్లవాడి అవసరానికి తగ్గ సర్దుబాట్లు చెయ్యాలి, అవేమిటో తల్లిదండ్రులతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మనవాళ్ళకి తెలియని సంగతి ఇంకోటుంది. బడులు ఏటా ఇలాంటి పిల్లల లెక్క ప్రభుత్వానికి పంపే ఎన్‌సీసీడీ అనే పద్ధతిలో, డాక్టర్ సర్టిఫికెట్ ఉండి తీరాలని లేదు. టీచరు గమనించి, సహేతుకమైన ఆధారాలతో, కనీసం పది వారాలు సర్దుబాట్లు చేసి రాసిపెట్టుకుంటే చాలు. ఇక్కడ పీడియాట్రిషియన్ అపాయింట్‌మెంట్‌కి నెలలకి నెలలు ఎదురుచూడాలని పిల్లలున్న వాళ్ళందరికీ తెలిసిందే. ఆ రిపోర్టు వచ్చేదాకా బడిలో నోరెత్తకూడదనుకుని ఊరుకున్న కుటుంబాలు నాకు రెండు తెలుసు. అడగడానికి రిపోర్టు అక్కర్లేదు. అమెరికాలో ఉన్నవాళ్ళకి 504 ప్లాన్ అనే మాట, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకి సెన్కో అనే మాట పరిచయం ఉండే ఉంటుంది. పేర్లు వేరు, అడగాల్సింది ఒకటే.

మరి మన దేశంలో? అక్కడ ఇవన్నీ ఎక్కడివి అని చాలామంది తేలిగ్గా తీసేస్తారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చివర షెడ్యూల్‌లో నిర్దిష్ట అభ్యసన వైకల్యాల నిర్వచనం ఉంది, చూడండి. డిస్‌లెక్సియా, డిస్‌గ్రాఫియాలతో పాటు డిస్‌ప్రాక్సియా పేరు పెట్టి మరీ రాశారు. 2021 ఫిబ్రవరిలో వికాశ్ కుమార్ అనే అభ్యర్థి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇంకా ముఖ్యం. రాయబోతే చెయ్యి పట్టేసే ఇబ్బంది ఆయనది. సివిల్స్ పరీక్షలో తన తరఫున రాసిపెట్టే మనిషిని అడిగితే, నలభై శాతం వైకల్యం లేదు కాబట్టి కుదరదన్నారు. ఆ శాతం ఉద్యోగాల్లో రిజర్వేషన్లలాంటి వాటికేగానీ, రాయలేనివాడికి పరీక్షలో సాయం చెయ్యడానికి అడ్డు కాకూడదని కోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో కేంద్రం దానికి మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. గుంటూరులోనో కరీంనగర్‌లోనో అరవైమంది ఉన్న క్లాసులో ఒక మాస్టారు ఇదంతా చెయ్యగలడా అంటే, అన్నీ చెయ్యలేడు. బోర్డు మీద రాసిన నోట్సు జిరాక్స్ తీసి ఇవ్వగలడు. సగం రాసిన పేపరు చూసి, పిలిచి, మిగతాది నోటితో అడగగలడు. మా బాబాయికి ఆ ఒక్కటి చేసి ఉంటే ఆ ఏడాది మిగిలేది.

ఇక క్లాసులో మార్పులంటే ఏమిటో చెప్తాను. చాలా చిన్న విషయాలు, వినడానికి సిగ్గేస్తుంది. బోర్డు చూసి రాయడం వీళ్ళకి అన్నిటికన్నా కష్టం. తల ఎత్తాలి, చదవాలి, గుర్తుపెట్టుకోవాలి, తల దించాలి, కాగితం మీద చోటు వెతుక్కోవాలి, అప్పుడు అక్షరం. ఆ లోపల టీచరు బోర్డు చెరిపేస్తుంది. కాబట్టి అది అచ్చు వేసి చేతికివ్వడం. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, గాల్లో వేళ్ళాడకూడదు. ఒంటిని నిలబెట్టుకోవడానికే శ్రమపడుతున్నవాడికి పెన్సిల్ రెండో పని. మిగతావాళ్ళు చాప మీద బాసిపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు వీడు గోడకి ఆనుకునే చోట కూర్చోవడం. ఒకేసారి నాలుగు పనులు చెప్పకుండా ఒకటి అయ్యాక ఒకటి చెప్పడం. లంచ్ డబ్బా మూత తేలిగ్గా వచ్చేది పంపడం, లేసుల బదులు వెల్క్రో బూట్లు. ఈ చివరి రెండూ మన పని. మధ్యాహ్నం ఇరవై నిమిషాల్లో పది నిమిషాలు మూత తీయడానికే పోతే, పిల్లవాడు అడగడానికి సిగ్గుపడి తినకుండా డబ్బా అలాగే ఇంటికి తెస్తాడు. మనం ‘కూర నచ్చలేదా?’ అని అడుగుతాం.

వీటన్నిటికంటే నాకు నచ్చింది ఒక స్కేలు కథ. లెక్కల పీరియడ్‌లో స్కేలు పెట్టి గీత గియ్యాలి. ఎడమ చెయ్యి స్కేలుని నొక్కి పట్టుకోవాలి, కుడి చెయ్యి పెన్సిల్ నడపాలి. రెండు చేతులకీ రెండు వేరు వేరు పనులు, ఒకే సమయంలో. మావాడు గీత గీస్తుంటే స్కేలు జారిపోతుంది. గీత వంకర. చెరుపు. మళ్ళీ గీత. కాగితానికి చిల్లు. కెనడాలో హెలెన్ పోలటాయ్‌కో, ఏంజెలా మాండిచ్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్టులు తయారుచేసిన ఒక పద్ధతి ఉంది. నాలుగే మాటలు: గోల్, ప్లాన్, డూ, చెక్. ఏం కావాలి, ఎలా చేద్దాం, చెయ్యి, కుదిరిందా చూడు. ఇందులో కిటుకేమిటంటే ‘ఇలా పట్టుకో’ అని పెద్దవాళ్ళు చెప్పకూడదు. ప్లాన్ పిల్లవాడిదే కావాలి. టీచరమ్మ వాడిని అడిగింది, ఎందుకు వంకర వస్తోంది అని. వాడు రెండుసార్లు గీసి చూసి, ‘స్కేలు కదులుతోంది’ అన్నాడు. మరి కదలకుండా ఉండాలంటే? కాసేపు ఆలోచించి గోడకి పోస్టర్లు అంటించే బ్లూటాక్ అడిగాడు. రెండు ఉండలు చేసి స్కేలు కింద పెట్టాడు. స్కేలు కదల్లేదు. గీత తిన్నగా వచ్చింది. ఆ వారంలో క్లాసులో ఇంకో ముగ్గురు పిల్లల స్కేళ్ళ కింద బ్లూటాక్ చేరిందట. వాళ్ళకి డిస్‌ప్రాక్సియా ఏమీ లేదు, తేలిగ్గా ఉందని పెట్టుకున్నారు.

2019లో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సులు కూడా ఈ దారినే వెళ్ళమంటున్నాయి. రావలసిన పని ఏదో ఆ పనే, దాని చోటులోనే సాధన చేయించమని. బంతి మీద బ్యాలెన్స్ చేయిస్తే చేతిరాత దానంతట అదే వస్తుందని చెప్పి ప్యాకేజీలు అమ్మేవాళ్ళ దగ్గర పర్సు జేబులోనే ఉంచుకోండి.

పార్కులో నేను ఎక్కువగా విన్న అభ్యంతరం ‘టైపింగ్ అలవాటు చేస్తే ఇంక జన్మలో రాయడు కదా’ అని. ఇది తీసిపారేసే మాట కాదు. రాయడం రావాలి. మావాడు రోజూ పది నిమిషాలు రాస్తాడు, రాయడం కోసమే రాస్తాడు. అందులో తప్పులు లెక్కపెట్టం, విషయం అడగం. విషయం రాయాల్సినప్పుడు కీబోర్డు, లేదా నోటితో చెప్పి రికార్డు చెయ్యడం. రెండిటినీ కలపడమే పిల్లవాడి ప్రాణానికి వస్తోంది. పైగా ఇక్కడ దేశమంతటా పెట్టే నాప్లాన్ పరీక్షలో మూడో తరగతి వాళ్ళు మాత్రమే వ్యాసం కాగితం మీద రాస్తారు. అయిదు నుంచి అందరూ కీబోర్డు మీదే. అంటే నేను అడుగుతున్నది రెండేళ్ళు ముందుగా ఇమ్మని, అంతే. అయితే కీబోర్డు మంత్రదండం అనుకోవద్దు. అదీ వేళ్ళ పనే, వీళ్ళకి అదీ నెమ్మదిగానే వస్తుంది. లాప్‌టాప్ చేతికిచ్చి ‘ఇంక నీకేం బాధ’ అంటే కుదరదు.

ఈ విషయంలో నాకు కొంచెం అర్హత ఉంది. మా ఊళ్ళో పదో తరగతి పరీక్షలు కాగానే సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి పంపేవారు. లోయర్ పాసయితే గొప్ప, హయ్యర్ పాసయితే ఇంకా గొప్ప. నేను వెళ్ళలేదు. ఇంజనీరింగ్ ల్యాబులో నాలుగు వేళ్ళతో సొంతంగా నేర్చుకున్నాను. నా చిటికెన వేళ్ళు ఈ రోజుకీ ఖాళీగానే కూర్చుంటాయి. టైపు మాస్టారు చూస్తే బెత్తం తీస్తాడు. ఆ నాలుగు వేళ్ళతోనే ఇన్నేళ్ళుగా జీతం వస్తోంది, లేఖిని పుణ్యమా అని ఈ తెలుగు కూడా వస్తోంది. ‘నీ వేళ్ళు సరైన మీటల మీద లేవు’ అని ఏ మేనేజరూ అనలేదు. నేను చేత్తో రాసే ఏకైక రచన పెర్త్ ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు పూరించే కార్డు. అక్కడ కూడా ముత్యాలకి మార్కులు లేవు, డబ్బాలో ఊరగాయ ఉందా లేదా అనేదే ముఖ్యం.

తెలుగు మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పేస్తాను. ఆదివారాల్లో వాడిని ఒక తెలుగు బడికి పంపాం, పేరు అనవసరం. మన లిపి అందమైనదే కానీ ఇలాంటి వేళ్ళకి దయలేనిది. ఇంగ్లీషు అక్షరాలు చాలామటుకు ఒక గీత మీద ఎడమ నుంచి కుడికి పోతాయి. ‘స్త్రీ’ రాయాలంటే పైకి వెళ్ళి గుడి దీర్ఘం పెట్టాలి, కిందకి దిగి తావత్తు, మళ్ళీ పక్కన క్రావడి. వేమన పద్యాలు ఇరవై వాడికి నోటికొచ్చు, అర్థం కూడా చెప్తాడు. కానీ గుణింతం పలక మీద పూర్తిచెయ్యలేదని రెండేళ్ళు ‘అ ఆ’ల క్లాసులోనే ఉంచారు. వాళ్ళ నియమం అది, పై క్లాసుకి వెళ్ళాలంటే గుణింతాలు రాయాలి. మావాడు ఆ రెండో ఏడాది చివర్లో కారులో అన్నాడు, ‘నాకు తెలుగు రాదు నాన్నా’ అని. తెలుగులోనే అన్నాడు!

విదేశాల్లో తెలుగు బడులు నడిపేవాళ్ళు జీతాల్లేకుండా, తమ ఆదివారాలు ధారపోసి చేస్తున్నారు. వాళ్ళ మీద నాకు గౌరవమే. అయినా అడుగుతాను. రాయడం కుదరనివాడికి మాట్లాడే, చదివే, టైపు చేసే దారి ఎందుకు ఉండకూడదు? ఫోన్‌లో ‘amma’ శబ్దానికి తగ్గ మీటలు నొక్కితే ‘అమ్మ’ అని ప్రత్యక్షమయ్యే రోజుల్లో ఉన్నాం. మావాడు ఇప్పుడు నాన్నమ్మకి అలాగే మెసేజ్‌లు పంపుతున్నాడు. ఒత్తులు వాడికి అక్కడే వచ్చాయి. పలక మీద రెండేళ్ళు రానివి.

ఈ ఏడాది మొదట్లో మేం క్లాసు టీచరుకి ఒక పేజీ రాసిచ్చాం. జబ్బు గురించి రెండే వాక్యాలు. మిగతాదంతా వాడికి ఏది వచ్చు, ఏది కష్టం, ఏది చేస్తే తేలికవుతుంది. చివర్లో వాడికి ఇష్టమైనవి. పది వెబ్‌సైట్ల ప్రింటవుట్లు ఇవ్వలేదు, పాతికమంది పిల్లలున్న మనిషికి అవి చదివే తీరిక ఉండదు. ఆవిడ దాన్ని తన డైరీలో అంటించుకుంది. రిలీఫ్ టీచరు వచ్చిన రోజు కూడా ఆ పేజీ పనిచేస్తోంది. క్లాసులో ఎవరైనా పిల్లలు ‘వాడికెందుకు లాప్‌టాప్?’ అని అడిగితే ఏం చెప్పాలో మావాడే రాసుకున్నాడు: నా చేతులు స్లో, నా బుర్ర కాదు. రెండుసార్లు చెప్పాడట, మూడోసారి ఎవరూ అడగలేదు.

తేలనిది ఒకటుంది. వచ్చే నెల బడిలో ఫ్యాక్షన్ కార్నివాల్. ఫ్యాక్షన్ అంటే మన సీమ సినిమాల ఫ్యాక్షన్ కాదు, పిల్లల్ని రంగుల వారీగా జట్లు చేసి పెట్టే ఆటల పోటీలు. రిలేలో బ్యాటన్ చేతులు మారాలి. వాడి చేతిలోంచి పడిపోతే జట్టంతా వెనకబడుతుంది, మిగతా ముగ్గురూ ఎనిమిదేళ్ళ పిల్లలే, ఊరుకోరు. వాడిని స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టమని అడుగుదామంటుంది మా ఆవిడ. ఆఖరి వరసలో పెడితే బ్యాటన్ అందుకోవడమే గానీ ఇవ్వడం ఉండదు కదా అని నేను. టీచరు మీరే చెప్పండి అంది.

వాడినడిగితే పరుగెత్తుతానన్నాడు. ప్రస్తుతం పెరట్లో రోజూ సాయంత్రం ఒక అప్పడాల కర్ర పట్టుకుని సాధన నడుస్తోంది. నిన్న పదిలో ఆరుసార్లు పడలేదు.